మోవర్ బ్లేడు పదును: డ్రిల్లు రాయి దండగ, ఆకురాయి ఉంటే చాలు

మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. ఇంటి ముందు కొంచెం, వెనకాల ఇంకొంచెం బెర్ముడా గడ్డి. ఇల్లు కొన్న కొత్తలో గడ్డి కోయడానికి మనిషిని పెట్టుకున్నా, వచ్చినప్పుడల్లా 45 డాలర్లు, నాలుగు నెలలు ఇచ్చాక లెక్క చూసుకుని గుండె గుభేలుమని నేనే ఒక 21 అంగుళాల గ్యాస్ మోవర్ కొనేశా. (గ్యాస్ అంటే మన పెట్రోలే, ఇక్కడ అలా అలవాటైపోయింది.) మూడేళ్ళు కోశా. ఆయిల్ మార్చా, ఎయిర్ ఫిల్టర్ మార్చా, పైపు పెట్టి పైన కడిగా, కానీ కింద ఒక బ్లేడు ఉంది, దానికి పదును పెట్టాలి అన్న ఆలోచనే రాలేదండి. ఇంట్లో వంకాయలు తెగకపోతే కత్తి మీద విసుక్కునే మనిషిని, మోవర్ సంగతి మాత్రం తట్టలేదు.

పోయిన మేలో మా నాన్న వచ్చాడు తెనాలి నుంచి. పొద్దున్నే చెప్పుల్లేకుండా లాన్ మీద తిరగడం ఆయనకి అలవాటైంది. రెండో రోజో మూడో రోజో ఒక గడ్డిపోచ తెంపి తెచ్చి కాఫీ తాగుతున్న నా ముందు పెట్టి, "ఏరా, ఇది నువ్వు కోశావా, మేకలు పీకినాయా?" అన్నాడు. చూస్తే నిజమే, పోచ కొస చిట్లిపోయి పీచులు పీచులుగా ఉంది, ఆ పీచంతా ఎండి తెల్లగా అయిపోయింది. లాన్ మొత్తం అంతే. కోసిన రెండు రోజులకి దూరం నుంచి చూస్తే పచ్చదనం మీద ఎవరో పిండి చల్లినట్టు ఉండేది, నేనేమో నీళ్ళు చాలట్లేదని స్ప్రింక్లర్ టైము పెంచుకుంటూ, ఎరువు బస్తాల మీద బస్తాలు తెచ్చి చల్లుకుంటూ కూర్చున్నా. నీళ్ళ బిల్లు సంగతి మా ఆవిడని అడగండి, చెప్తుంది.

"అంత స్పీడుగా తిరుగుద్ది నాన్నా, తెగకుండా ఎక్కడికి పోద్ది" అన్నా. "తిరిగితే సరిపోద్దా, పదునుండొద్దా" అన్నాడు. తర్వాత కూర్చుని లెక్కేస్తే ఇద్దరం కరెక్టే. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 సార్లు తిరిగితే దాని కొస గంటకి దాదాపు 300 కిలోమీటర్ల స్పీడుతో పోతుంటుంది. ఆ స్పీడులో బ్లేడు కాదు, రేకుముక్క తగిలినా గడ్డి ఊడొస్తుంది. అందుకే మొండి అయిందని మనకి తెలియదు, మోవర్ ఆగదు, గడ్డి పొట్టిగానే కనపడుతుంది, కాకపోతే అది కోత కాదు, కొట్టుడు. చిట్లిన చోటు నుంచి తేమ ఎక్కువ పోతుంది, తెగులు కూడా తొందరగా పడుతుంది. జులైలో డాలస్ ఎండ సంగతి తెలిసిందే కదా, ఇక ఆ గడ్డి ఏం తట్టుకుంటుంది.

సరే, ఇక అసలు విషయం. పదును కోసం నేను ప్రయత్నించినవి నాలుగు: డ్రిల్లుకి తగిలించే రాయి, ఊళ్ళో షాపు, యాంగిల్ గ్రైండరు, ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు). ఈ వరసలోనే చూశా, అంటే తెలివి కూడా ఈ వరసలోనే వచ్చిందనుకోండి.

ముందు డ్రిల్లు రాయి. పదిహేను డాలర్ల లోపే, చిన్న గుండ్రటి గ్రైండింగ్ రాయి, దాని పక్కన ఒక ప్లాస్టిక్ గైడు. గైడు బ్లేడు అంచుకి ఆనించి డ్రిల్లు ఆన్ చేసి అటూ ఇటూ లాగితే యాంగిల్ అదే కుదురుతుంది, బ్లేడు ఊడదీయక్కర్లేదు అని అట్ట మీద రాశారు. ఈ "ఊడదీయక్కర్లేదు" అన్న మాటకే పడిపోయా. కంపెనీ పేరు చెప్పను కానీ ఇలాంటివి అన్నీ ఒకేలా కనపడతాయి, రంగు తేడా అంతే. మోవర్ పక్కకి వాల్చి, డెక్కు (బ్లేడుని కప్పి ఉండే గుల్ల) లోపల చెయ్యి దూర్చి, డ్రిల్లు వంకరగా పట్టుకుని చెయ్యాలి, ఆ సందులో యాంగిల్ ఎక్కడ కుదురుతుంది. నా బ్లేడు మీద స్ప్రింక్లర్ తలకాయ తగిలిన గాటు ఒకటి ఉంది, రాయి దాంట్లో పడ్డప్పుడల్లా టకటకా ఎగిరేది. రెండు వైపులూ అయ్యేసరికి రాయికి చుట్టూ గాడి పడిపోయింది, ఆ గాడి పడ్డాక అది పదును పెట్టట్లేదు, ఉన్న అంచుని గుండ్రంగా చేస్తోంది. ఇంకో మాట, ఊడదీయకపోతే బ్యాలెన్సు, అంటే రెండు కొసలూ ఒకే బరువున్నాయా లేదా అన్నది, ఎలా చూస్తాం? అది అట్ట మీద లేదు. అయిదుకి ఒకటి, ఆ ఒకటి కూడా డబ్బాకి, డబ్బా బాగుంది, స్క్రూలు వేసుకున్నా.

వాల్చడం గురించి ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే నేను చేసిన వెధవపని ఇంకెవరూ చెయ్యకూడదు. గ్యాస్ మోవర్ అయితే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు పైకి ఉండేట్టు వాల్చాలి. నేను రెండో వైపు వాల్చా. ఆయిల్ మొత్తం ఫిల్టర్లోకి దిగింది, తర్వాత స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, వీధి వీధంతా దోమల మందు కొట్టినట్టు, ఎదురింటాయన పరిగెత్తుకొచ్చాడు. కొత్త ఫిల్టర్ ఖర్చు. అంతకంటే ముఖ్యం, బ్లేడు మీద చెయ్యి పెట్టకముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి దూరంగా పెట్టండి. బ్లేడు, ఇంజను షాఫ్టు ఒకటే, చేత్తో బ్లేడు తిప్పితే ఇంజను కూడా తిరుగుతుంది, స్పార్క్ పడిందంటే స్టార్ట్ అయ్యే ఛాన్సు ఉంది, అప్పుడు వేళ్ళు లెక్కపెట్టుకోవాల్సిందే. బ్యాటరీ మోవర్ అయితే బ్యాటరీ, తాళం రెండూ తీసేసి ఇంట్లో పెట్టి రండి. ట్యాంకులో పెట్రోలు కూడా తక్కువ ఉన్నప్పుడు చేసుకుంటే మేలు, లేకపోతే మూత లోంచి కారుతుంది.

షాపు సంగతి క్లుప్తంగా. డ్రిల్లు రాయి ఫెయిల్ అయ్యాక బ్లేడు ఊడదీసి ఊళ్ళో ఒక రిపేరు షాపులో ఇచ్చా, పది డాలర్లు. సీజను కదా, ఎనిమిది రోజుల తర్వాత ఇచ్చారు, ఈలోగా గడ్డి చీలమండల దాకా వచ్చింది, కాలనీ అసోసియేషన్ నుంచి ఈమెయిలు కూడా వచ్చింది. పదును తళతళా ఉంది, ఒప్పుకుంటా. కానీ బిగించి స్టార్ట్ చేస్తే హ్యాండిల్ పట్టుకున్న చేతులు జిల్లుమన్నాయి, పది నిమిషాలు కోసి ఆపేసినా అరచేతుల్లో చీమలు పాకినట్టే ఉంది. నాన్న బ్లేడు తీయించి, గోడకి ఉన్న మేకుకి నడిమధ్య చిల్లు తగిలిస్తే ఒక వైపు టక్కున కిందకి వాలిపోయింది. ఒక కొస ఎక్కువ అరగదీశారు, రెండోది తక్కువ. అన్ని షాపులూ ఇంతే అనను, మంచి చోట బ్యాలెన్సు చూసే ఇస్తారు, ఇచ్చే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి, నేను అడగలేదు. ఆ వణుకుతో అలాగే కోసుకుంటూ పోతే షాఫ్టు బేరింగులు దెబ్బతింటాయి, అప్పుడు పది డాలర్ల పని కాదు, మోవరే పోతుంది.

గ్రైండరు నా దగ్గర లేదు, పక్క కమ్యూనిటీలో ఫ్రెండు ఒకడున్నాడు, అడిగి తెచ్చుకున్నా, నాలుగున్నర అంగుళాలది. వాడు ఇస్తూ ఇస్తూనే "బావా, ఇదంతా ఎందుకురా, ఇరవై పాతిక పెడితే కొత్త బ్లేడు వస్తుంది" అన్నాడు. అదీ నిజమే, కానీ అప్పటికి నాకు పంతం వచ్చేసింది. గ్రైండరు పని చాలా స్పీడు, రెండు నిమిషాలు, ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం రేకులున్న చక్రం) పెడితే గాట్లు కూడా పోతాయి. దాని గొడవంతా వేడి. ఒకే చోట రెండు మూడు సెకన్లు ఎక్కువ ఆనించారా, అంచు నీలం రంగుకి తిరుగుతుంది, ఆ నీలం వచ్చిందంటే అక్కడ ఉక్కుకి పెట్టిన పదును నీళ్ళు పోయినట్టే, మెత్తబడిపోతుంది, నెలలోపే మళ్ళీ మొండి. నాన్న చూసి "కొలిమిలో పెట్టి తీసినట్టు చేశావు కదరా" అన్నాడు. చిన్నగా తాకిస్తూ, మధ్య మధ్యలో బకెట్లో నీళ్ళలో ముంచుతూ చెయ్యాలట, నేను ముంచలేదు. నిప్పురవ్వలు కూడా తక్కువేం కాదు, గరాజులో పెట్రోలు డబ్బా ఉంటే అక్కడ అస్సలు చెయ్యొద్దు. చేయి తిరిగినవాళ్ళకి గ్రైండరు మంచిదే. నాలా ఏడాదికి రెండుసార్లు పట్టుకునేవాడికి కాదు.

ఇక ఆకురాయి. ఈ పేరు కూడా నాకు గుర్తులేదండి, ఫైలు అనే అంటాం కదా ఇక్కడ. హార్డ్‌వేర్ స్టోరులో నాన్నే వెతికి పట్టుకున్నాడు, టూల్స్ వరసలో చివర్న ఎవరూ చూడని మూల. "ఇదిగో ఆకురాయి, దీన్ని పెట్టుకుని ఊరంతా తిరిగావు" అన్నాడు. పది అంగుళాలది, మిల్ బాస్టర్డ్ అంటారు, ఒక వైపుకే వాలుగా సన్నటి గీతలు ఉంటాయి. పిడి విడిగా కొనాలి, అది లేకుండా తోక అరచేతిలో గుచ్చుకుంటుంది, నేను మొదట కొనలేదు, మళ్ళీ వెళ్ళా. రెండూ కలిపి ఇరవై డాలర్లు కూడా అవలేదు.

నాకు పెద్ద డౌటు, ఇంత మందం ఉక్కు ఆకురాయితో అరుగుతుందా అని. అరుగుతుంది, బ్రహ్మాండంగా అరుగుతుంది. మోవర్ బ్లేడు కావాలనే మరీ గట్టిగా చెయ్యరు, రాయి తగిలినప్పుడు ముక్కలై ఎగిరే బదులు వంగాలి కాబట్టి. వంటింటి కత్తిని ఆకురాయితో గీకితే జారిపోతుంది కానీ ఇది చక్కగా పట్టుకుంటుంది. బ్లేడుని వైస్‌లో బిగించాలి, చేత్తో పట్టుకుని చెయ్యడం కుదరదు, వైస్ లేకపోతే రెండు క్లాంపులతో టేబుల్ అంచుకి బిగించినా పర్లేదు. కింద వైపు చదునుగా ఉంటుంది, దాని జోలికి పోకూడదు, పైన ఏటవాలుగా ఉన్న వైపే రాయాలి. కంపెనీ నుంచి వచ్చిన ఏటవాలు ఎంతుందో, సుమారు 30 డిగ్రీలు ఉంటుంది, అదే వాలులో ఆకురాయి ఆనించి ముందుకి తోయాలి. ముందుకి మాత్రమే. నేను రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతుంటే నాన్న చేతి మీద ఒక్కటిచ్చాడు, నలభై ఏళ్ళొచ్చాక కూడా. వెనక్కి లాగేటప్పుడు పళ్ళు కొయ్యవు, అరిగిపోతాయి అంతే, అందుకని తోసి, ఎత్తి, మళ్ళీ మొదటి నుంచి తోయాలి. ఆ లయ ఒకసారి చేతికి వచ్చిందంటే శబ్దంలోనే తెలిసిపోతుంది, మొదట గరగరమంటుంది, అంచు కుదిరాక సర్రుమని ఒకే స్వరంలో పోతుంది.

ఆకురాయి పళ్ళ మధ్య ఇనప రజను ఇరుక్కుంటుంది, అది గీతలు పెడుతుంది. దానికి నాన్న ఉపాయం ఏంటంటే మా పాప బయట నేల మీద బొమ్మలేసుకునే సుద్దముక్క తీసుకుని ఆకురాయి మీద రుద్దేశాడు, రజను అంటుకోదు, బ్రష్షుతో ఒక్కసారి దులిపితే రాలిపోతుంది. గులాబీ రంగు సుద్ద. పాప ఏడ్చింది, అది వేరే కథ.

మొదటిసారి ఒక్కో వైపు 50 తోపులు పట్టింది, ఆయన పైకే లెక్కపెట్టాడు, ఇటు 50 అయితే అటు కూడా 50, ఒకటి ఎక్కువ లేదు తక్కువ లేదు. బ్యాలెన్సు సగం అక్కడే కుదిరిపోయింది. గాటు పూర్తిగా పోయేదాకా అరగదీయక్కర్లేదు, చిన్నవి వదిలెయ్యొచ్చు, గాటు కోసం బ్లేడంతా తినేస్తే మిగిలేదేముంది. ఇంకోటి, నేను గడ్డం గీసుకునే బ్లేడులా చేద్దామని ఇంకా రాస్తుంటే ఆపేశాడు. మరీ సన్నగా చేస్తే మొదటి గులకరాయికే అంచు మడత పడిపోతుంది. వెన్న రాసుకునే చాకు ఉంటుంది చూడండి, దానికంటే ఒక పిసరు ఎక్కువ పదును ఉంటే చాలు. చివర్న కింద వైపు అంచుకి సన్నటి మడత తగులుతుంది వేలికి, దాన్ని ఆకురాయి చదునుగా ఆనించి ఒక్కసారి తీసెయ్యాలి. వేలు అంటే గ్లవ్స్ వేసుకున్న వేలు. నాన్న వేసుకోలేదు, చెప్పినా వినలేదు, "కొడవళ్ళు పట్టిన చేతులురా" అని. ఆయన కొడవలికి కక్కు పెట్టించేది వేరే సంగతట, అది రంపంలా పళ్ళు పళ్ళుగా ఉండాలి వరి పట్టుకుని కోయడానికి, ఇది విసురు మీద నరికేది కాబట్టి సాఫీ అంచు. ఇది విన్నాక నాకు బ్లేడు మీద కొంచెం గౌరవం వచ్చింది.

బ్యాలెన్సుకి మేకు సరిపోతుంది కానీ పూర్తిగా కాదు. చిల్లు పెద్దది, మేకు సన్నం, కొంచెం తేడా ఉంటే తెలియదు, కొన్ని బ్లేడులకి నక్షత్రంలా చిల్లు ఉంటుంది, దానికి మేకు అసలు పనికిరాదు. కోన్ బ్యాలెన్సర్ అని చిన్న శంకులాంటిది దొరుకుతుంది, ఆరేడు డాలర్లు, టేబుల్ మీద పెట్టి దాని మీద బ్లేడు బోర్లిస్తే ఏ వైపు బరువో అటు వాలుతుంది. బరువున్న వైపు పదును అంచు ముట్టుకోకుండా కొస దగ్గర కొంచెం కొంచెం రాస్తూ చూడాలి. ఈ మొత్తం ఖర్చులో నాకు బాగా నచ్చింది ఆ ఆరేడు డాలర్లే.

ఊడదీయడం, బిగించడం గురించి. బోల్టు కదలకపోతే బ్లేడుకి, డెక్కుకి మధ్య టూ బై ఫోర్ చెక్కముక్క అడ్డం పెట్టండి, లేకపోతే రెంచితో పాటు బ్లేడు కూడా తిరుగుతుంది. మూడేళ్ళు ముట్టుకోనిది కదా, నాది డబ్ల్యూడీ 40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి రాత్రంతా వదిలేశా, పొద్దున పొడుగాటి బ్రేకర్ బారు వేస్తే టంగుమని వదిలింది. నా మోవర్‌కి 5/8 సాకెట్ పట్టింది, మీది వేరే ఉండొచ్చు, కొన్ని మోడల్స్‌లో రెండు బ్లేడులు ఒకదాని మీద ఒకటి, రెండు బోల్టులు ఉంటాయి, అప్పుడు ఏది ఎక్కడుందో ఫోటో తీసి పెట్టుకోండి. తీసేముందే కింద వైపు మార్కరుతో ఇంటూ మార్కు పెట్టండి. తిరగేసి బిగిస్తే మొండి వైపు ముందుకొచ్చి గడ్డి తెగదు, ఇంత కష్టపడింది బూడిదలో పోసిన పన్నీరే. గుర్తు మర్చిపోతే, కొసల్లో రెక్కలా పైకి లేచింది ఉంటుంది చూడండి, అది డెక్కు వైపు ఉండాలి, ఆ రెక్కే గాలిని పైకి లాగి గడ్డిని నిలబెట్టేది. బోల్టు ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచి ఉంటే దాని ప్రకారం బిగించండి, చేతి అంచనాతో వదిలెయ్యొద్దు, గంటకి 300 కిలోమీటర్ల వస్తువు ఇది.

ఎప్పుడు పడెయ్యాలో కూడా చెప్పాలి. ఆ రెక్క మొదలయ్యే మడత దగ్గర ఇసక, దుమ్ము కొట్టుకుని కొట్టుకుని బ్లేడు పల్చబడుతుంది, కాగితంలా అనిపించినా, ఎక్కడైనా పగులు కనపడినా, వంగినా పదును మాట మర్చిపోయి కొత్తది కొనండి. వంగినదాన్ని సుత్తితో కొట్టి సాపు చేద్దాం అన్న ఆలోచన మాత్రం వద్దు. ఇప్పుడు నా దగ్గర రెండు బ్లేడులున్నాయి, ఆ ఫ్రెండు మాట కూడా విన్నట్టైంది, ఒకటి మోవర్‌లో ఉంటే రెండోది పదును పెట్టి గోడకి తగిలించి ఉంటుంది, మార్చడం పది నిమిషాల పని. సాధారణంగా పాతిక గంటల కోతకి ఒకసారి పదును అంటారు, వారానికి ముప్పావు గంట లెక్కన నాకు సీజనంతా కలిపితే ఇంచుమించు అంత అవుతుంది, అయినా ఇక నుంచి ఏప్రిల్‌లో ఒకసారి, జులైలో ఒకసారి మారుద్దామనుకుంటున్నా.

ఫలితం అంటే, ఆకురాయి పట్టాక మొదటి కోత అయిన మూడో రోజు నాన్న మళ్ళీ ఒక పోచ తెంపి తెచ్చాడు. కొస కత్తెరతో కత్తిరించినట్టు నున్నగా ఉంది. ఏమీ అనలేదు, కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మోవర్ కూడా తడిగడ్డిలో ముక్కడం తగ్గింది. స్ప్రింక్లర్ టైము మళ్ళీ పాతదానికి తెచ్చా.

రేటింగులు అడిగితే, డ్రిల్లు రాయి 1, షాపు 2, గ్రైండరు 3, అది కూడా ఫ్రెండుది కాబట్టి. ఆకురాయి, కోన్ కలిపి 5. ఆకురాయిది ఒక్కటే కంప్లైంటు, అక్టోబర్‌లో వెళ్తూ వెళ్తూ నాన్న దాన్ని పిడితో సహా చీరల మధ్య చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టుకుని తెనాలి తీసుకెళ్ళిపోయాడు, అక్కడ ఇలాంటిది దొరకట్లేదట. ఏప్రిల్ లోపు ఇంకోటి కొనుక్కోవాలి.